రామన్‌కు నోబెల్ తెచ్చింది సముద్రపు నీలం కాదు

క్లుప్తంగా: సముద్రపు నీలం ఆకాశపు ప్రతిబింబం కాదని సి.వి. రామన్ తేల్చింది 1921లో. నోబెల్ వచ్చింది 1928లో బయటపడ్డ వేరే విషయానికి. పారదర్శక పదార్థం మీద పడి చెదిరిన కాంతిలో అతి కొద్ది భాగం రంగు మార్చుకుని బయటికి వస్తుందని, ఎంత మారిందన్నది ఆ పదార్థపు అణువుల్ని బట్టి ఉంటుందని తేలడమే ఆ విషయం. ఆ కొద్దిపాటి కాంతిని మిగతా వెలుగులోంచి వేరు చేయడం అప్పుడు పెద్ద చిక్కు. ఇప్పుడు మందుల కంపెనీల్లో వాడే చేతి స్కానర్లకూ అదే చిక్కు.

ఏటా ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం వస్తుంది. బడుల్లో ప్రసంగాలు దాదాపు ఒకే వరుసలో నడుస్తాయి: ఓడ ప్రయాణం, మధ్యధరా సముద్రం, "ఈ నీలం ఎక్కడిది?" అన్న ప్రశ్న, ఆ వెంటనే నోబెల్. మధ్యలో ఏడేళ్లు ఎగిరిపోతాయి. దాంతో రెండు వేర్వేరు భౌతిక ప్రక్రియలు ఒకటైపోయి, పోటీ పరీక్షల పుస్తకాల్లోకి కూడా అలాగే చేరాయి. విడివిడిగా చూస్తే తప్ప రామన్ ఏం సాధించారో అర్థం కాదు.

ఓడ మీద తేలింది ఏమిటి

1921లో విశ్వవిద్యాలయాల మహాసభ కోసం ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన రామన్, ఎస్.ఎస్. నార్కుండా అనే ఓడలో తిరిగొచ్చారు. సముద్రపు నీలం గురించి అప్పటికి చెల్లుబాటులో ఉన్న మాట ఇంగ్లండ్ భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీది. లోతైన సముద్రంలో కనిపించే నీలం నీటిది కాదు, ఆకాశపు నీలమే నీటి మీద ప్రతిబింబిస్తోందన్నది ఆయన అభిప్రాయం. దాన్ని పరీక్షించడానికి రామన్ జేబులో ఒక చిన్న నికల్ పట్టకం (ఒకే దిశలో కంపించే కాంతిని ఆపగల స్ఫటికం) ఉంది.

నీటి మీద సుమారు 53 డిగ్రీల కోణంలో పడి పరావర్తనం చెందిన కాంతి దాదాపు పూర్తిగా ధ్రువితమవుతుంది, అంటే దాని తరంగాలు ఒకే దిశలో కంపిస్తాయి. ఆ కోణంలో చూస్తూ నికల్‌ను మెల్లగా తిప్పితే ఒకచోట ఆ ప్రతిబింబం ఆరిపోతుంది. నీలానికి ఆకాశమే కారణమైతే ఆ క్షణంలో సముద్రం నల్లబడాలి. నల్లబడలేదు సరికదా, నీలం ఇంకా చిక్కబడింది. అంటే రంగు నీటి లోపల్నుంచే వస్తోంది. ఓడ బొంబాయి రేవులో ఉండగానే రామన్ నేచర్ పత్రికకు లేఖ రాసేశారు. నీరు ఎరుపును పీల్చుకోవడానికి ఈ రంగులో పెద్ద పాత్రే ఉంది కాబట్టి పరిక్షేపణం, అంటే నీటి అణువులు కాంతిని చెదరగొట్టడం, ఒక్కటే పూర్తి జవాబు కాదు గానీ, రేలీ వివరణ మాత్రం అక్కడితో నిలబడలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఏ కాంతీ రంగు మార్చుకోలేదు. ఎండలో ఉన్న రంగుల్లో నీలం ఎక్కువగా చెదిరింది, ఎరుపు తక్కువగా చెదిరింది. నీలంగా లోపలికి వెళ్లింది నీలంగానే బయటికొచ్చింది. ఇది జల్లెడ పట్టడం లాంటిది. 1928లో కనిపించింది అద్దకం లాంటిది: ఒక రంగు లోపలికి వెళ్లింది, ఇంకో రంగు బయటికొచ్చింది.

విశాఖ నుంచి బౌబజార్ దాకా

రామన్ పుట్టింది 1888 నవంబర్ 7న, తిరుచిరాపల్లి దగ్గర. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కు విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపక ఉద్యోగం రావడంతో 1892లో కుటుంబం అక్కడికి మారింది. బడి చదువు, ఎఫ్.ఎ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) విశాఖలోనే. పై చదువులు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో. 1907లో ఆర్థిక శాఖ పరీక్ష నెగ్గి కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. బౌబజార్ వీధిలో 1876 నుంచి ఉన్న ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో ఆఫీసు వేళలకు ముందూ తర్వాతా పని చేసేవారు. 1917లో అంతకంటే తక్కువ జీతానికి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ప్రొఫెసర్ పదవి తీసుకున్నారు. ఆ తర్వాతి పదేళ్ల పనంతా ఈ రెండు చోట్ల నడిచింది.

ఏడేళ్లు వదలని 'మలినం'

సముద్రం నుంచి తిరిగొచ్చాక రామన్ బృందం ద్రవాలు, వాయువులు, స్ఫటికాలు అన్నిట్లోనూ కాంతి ఎలా చెదురుతుందో కొలవడం మొదలుపెట్టింది. 1923లో కె.ఆర్. రామనాథన్ ఊదా రంగు ఫిల్టర్ గుండా ఎండను నీటిలోకి, ఆల్కహాల్లోకి పంపి చూస్తుండగా, పంపని ఆకుపచ్చ ఛాయ ఒకటి సన్నగా కనిపించింది. ప్రతిదీప్తి అయి ఉంటుందని, అంటే ద్రవంలోని ఏదో మలినం ఊదాను పీల్చుకుని వేరే రంగులో వెలుగుతోందని అనుకున్నారు. స్వేదనం చేశారు, మళ్లీ చేశారు. మలినం అయితే ప్రతిసారీ తగ్గాలి. తగ్గలేదు. 1925లో కె.ఎస్. కృష్ణన్‌కు ఇంకొన్ని ద్రవాల్లో అదే కనిపించింది.

1927 చివర్లో ఎస్. వెంకటేశ్వరన్ గ్లిసరిన్‌లో చూసిన ఆకుపచ్చ కాంతి ధ్రువితమై ఉండటంతో సందేహం పక్కకు జరిగింది. ఇలాంటి ద్రవాల్లో ప్రతిదీప్తి సాధారణంగా ధ్రువితం కాదు. అణువు కాంతిని పీల్చుకుని, కాసేపు తనలో ఉంచుకుని, ఆలోపు అటూ ఇటూ తిరిగి, ఆ తర్వాత వదులుతుంది కాబట్టి వచ్చిన కాంతి కంపన దిశ గుర్తు పోతుంది. పరిక్షేపణంలో ఆ ఆలస్యం ఉండదు, గుర్తు మిగులుతుంది. గ్లిసరిన్‌లో గుర్తు మిగిలింది.

అదే ఏడాది ఆర్థర్ కాంప్టన్‌కు నోబెల్ వచ్చింది. ఎక్స్ కిరణాలు ఎలక్ట్రాన్లను ఢీకొని తరంగదైర్ఘ్యం (మామూలు వెలుగులో అయితే రంగును నిర్ణయించేది) మార్చుకుంటాయని ఆయన చూపారు. మామూలు వెలుగులోనూ అలాంటిదే జరుగుతోందా అన్న ప్రశ్నతో 1928 ఆరంభంలో రామన్, కృష్ణన్‌ను పూర్తిగా ఈ పనిమీద పెట్టారు. ఒక సంగతి ఒప్పుకోవాలి: దారి చూపిన ఆ పోలిక పూర్తిగా సరైంది కాదు. కాంప్టన్ ఫలితంలో ఎలక్ట్రాన్ ఎగిరి పోతుంది, ఇక్కడ అణువు లోపలి కదలిక మారుతుంది. సరిగ్గా అతకని పోలిక సరైన చోటికే చేర్చింది.

రెండు ఫిల్టర్లు, ఒక బుడ్డి

ప్రయోగం వినడానికి తేలిక. కాంతి మూలం ఎండే. ఏడంగుళాల కటకం ఉన్న దూరదర్శినితో ఎండను పోగుచేసి, దాని వెనక తక్కువ నాభ్యంతరం ఉన్న ఇంకో కటకంతో సన్నని, తీవ్రమైన పుంజంగా మార్చారు. దాని దారిలో నీలి-ఊదా ఫిల్టర్, తర్వాత ద్రవం ఉన్న గాజు బుడ్డి. పక్కనుంచి చూస్తే ద్రవంలో పుంజం వెళ్లే దారి నీలి గీతలా కనిపిస్తుంది.

రెండో ఫిల్టర్ పసుపు-ఆకుపచ్చది. మొదటిది వదిలే రంగుల్ని ఇది పూర్తిగా ఆపేస్తుంది. రెండిటినీ కలిపి బుడ్డికి ముందే పెడితే గీత మాయమవుతుంది, లోపలికి వెళ్లే కాంతే ఉండదు. ఇప్పుడు రెండో ఫిల్టర్‌ను అక్కణ్నుంచి తీసి బుడ్డికీ కంటికీ మధ్య పెట్టాలి. రంగు మారకపోతే ఇప్పుడూ ఏమీ కనిపించకూడదు, ఎందుకంటే అవే ఫిల్టర్లు, అదే కాంతి, మారింది చోటు మాత్రమే. కానీ గీత మళ్లీ కనిపించింది, మసకగా. ఫిల్టర్ లీకైందని అనడానికి వీల్లేదు, లీకైతే మొదటి అమరికలోనూ కనిపించాలి. కాబట్టి ఆ కాంతి బుడ్డిలోనే పుట్టింది. ప్రయోగశాల పద్ధతులు నేర్పేవాళ్లు ఈ ఒక్క మార్పిడి మీద ఒక పూట పాఠం చెప్పొచ్చు.

పరికరాలకు అయిన ఖర్చు కొన్ని వందల రూపాయలేనన్న మాట తరచు వినిపిస్తుంది. ఆ మాటలో పడి మరుగైపోయేది ద్రవాల శుద్ధి. ద్రవంలో తేలే ఒక్క ధూళి రేణువు అణువులకంటే ఎన్నో రెట్లు కాంతిని చెదరగొడుతుంది, వెతుకుతున్న మసక వెలుగు దాని మెరుపులో కనిపించకుండా పోతుంది. వడపోత కాగితం ఇక్కడ పనికిరాదు, దాని పీచే కొత్త ధూళి. ద్రవాన్ని మరిగిస్తే తుంపరలతోపాటు ధూళీ ఎగిరి అవతలికి చేరుతుంది. అందుకే గాలి తీసేసిన పాత్రల్లో, మరగనివ్వకుండా, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఆవిరిగా నెమ్మదిగా పంపాలి. చేరిన ద్రవంతోనే బుడ్డి లోపలి గోడలు కడిగి, వెనక్కి పోసి, మళ్లీ మొదలుపెట్టాలి. ధూళి మెరుపులు పూర్తిగా పోయేదాకా ఇదే వరుస. రామన్, కృష్ణన్ అరవై దాకా మామూలు ద్రవాల్లో ఈ ఫలితం కోసం చూశారు. అన్నిట్లోనూ కనిపించింది. ఆవిరుల్లోనూ కనిపించింది.

నేచర్‌కు వెళ్లిన మొదటి లేఖ మీద తేదీ 1928 ఫిబ్రవరి 16. మరి పండుగ 28న ఎందుకు? 16 నాటికి చేతిలో ఉన్నది ఫిల్టర్ల సాక్ష్యం: రంగు మారిందని చెప్పగలదు, ఎంత మారిందో చెప్పలేదు. 28న వర్ణపటదర్శినితో, అంటే కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరంతో, నేరుగా చూసినప్పుడు పంపిన రంగు ఒకచోట, దాని పక్కన చీకటి ఖాళీ, ఆ ఖాళీ అవతల కొత్త కాంతి వేరుగా కనిపించాయి. ప్రతిదీప్తి అయితే రంగు ఎడతెగకుండా పరుచుకుపోతుంది. మధ్యలో చీకటి ఉందంటే మార్పుకు ఒక నిర్దిష్టమైన పరిమాణం ఉందని అర్థం. ఎండ స్థానంలో పాదరసం దీపం పెట్టాక ఆ పట్టీలు సన్నని గీతలుగా విడిపోయాయి. మార్చి 16న బెంగళూరులో రామన్ దీని మీద ఉపన్యాసం ఇచ్చారు. నేచర్‌లో మొదటి లేఖ మార్చి 31న అచ్చయింది.

అణువు వసూలు చేసే సుంకం

కాంతి అణువును తాకినప్పుడు సాధారణంగా వచ్చిన శక్తితోనే వెళ్లిపోతుంది. అరుదుగా అణువు దాంట్లోంచి కొంత ఉంచుకుని, తన బంధాల కంపనానికి వాడుకుంటుంది. శక్తి తగ్గిన కాంతి ఎరుపు వైపు జరుగుతుంది. టోల్ గేటులో బండి ఖరీదుతో పని లేకుండా ఒకే సుంకం కట్టించుకున్నట్టు, అణువు కూడా వచ్చిన కాంతి ఏ రంగుదైనా తన కంపనానికి సరిపడా అంతే తీసుకుంటుంది.

బెంజీన్‌ను తీసుకుందాం. లెక్క తరంగసంఖ్యల్లో వేస్తారు, అంటే సెంటీమీటరు పొడవులో ఎన్ని తరంగాలు పడతాయన్నది. పాదరసపు 435.8 నానోమీటర్ల నీలి గీతకు అది సుమారు 22,940. బెంజీన్ వలయం మొత్తంగా ఉబ్బి తగ్గే కంపనానికి సుంకం 992. మిగిలింది సుమారు 21,950, అంటే 455.5 నానోమీటర్ల దగ్గర కొత్త గీత. నేటి ఆకుపచ్చ లేజర్‌తో, అంటే 532 నానోమీటర్లతో మొదలుపెడితే గీత 562 దగ్గర పడుతుంది. 785 నానోమీటర్ల లేజర్‌తో అయితే 851 దగ్గర. మూడు చోట్లా తేడా మాత్రం 992. కార్బన్-హైడ్రోజన్ బంధం సుంకం ఇంకా పెద్దది, 3,060 దగ్గర. పాదరసపు నీలాన్ని అది 503 నానోమీటర్లకు, ఆకుపచ్చ అంచుకు తోస్తుంది.

ముందే కంపిస్తున్న అణువు ఎదురు చెల్లించే సందర్భాలూ ఉన్నాయి, అప్పుడు కాంతి నీలం వైపు జరుగుతుంది. గది ఉష్ణోగ్రతలో అంత హుషారుగా కంపించే అణువులు తక్కువ. అందుకే బెంజీన్ 992 గీతకు ఆ రెండో వైపు కనిపించే జోడీ మొదటిదాంట్లో నూరో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. పదార్థాన్ని వేడి చేస్తే అది పెరుగుతుంది. రెండు గీతల నిష్పత్తి చూసి ఉష్ణోగ్రత కొలిచే పద్ధతి ఇక్కణ్నుంచే వచ్చింది.

ఇదంతా జరిగేది ఎంత అరుదుగా అంటే, పడిన ప్రతి కోటి కాంతి కణాల్లో ఒకటి ఇలా మారుతుందని స్థూలంగా చెబుతారు. మిగతావి దాటిపోతాయి, లేదా రంగు మారకుండా చెదురుతాయి.

మాస్కోలో వారం ముందు

మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ క్వార్ట్జ్ స్ఫటికంలో ఇదే ఫలితాన్ని 1928 ఫిబ్రవరి 21న చూశారు. వాళ్లు వెతుకుతున్నది వేరే, ఇంతకంటే చాలా చిన్న మార్పు. కనిపించినదాన్ని నిర్ధారించుకుని వ్యాసం పంపేసరికి మే నెల వచ్చింది. అప్పటికి కలకత్తా నుంచి లేఖల మీద లేఖలు అచ్చయిపోయాయి. రష్యన్ భౌతికశాస్త్రంలో ఈ ఫలితాన్ని రామన్ పేరుతో కాకుండా సంయోజన పరిక్షేపణం అనే అర్థమొచ్చే మాటతో పిలిచే అలవాటు అందుకే నిలిచింది. ఆస్ట్రియాకు చెందిన స్మెకల్ 1923లోనే ఇలా జరగాలని సిద్ధాంతపరంగా ఊహించారు. 1930 నోబెల్ రామన్ ఒక్కరికే వచ్చింది. మొదటి లేఖ మీద సంతకం చేసిన కృష్ణన్‌కు అందులో భాగం దక్కకపోవడం మీద చర్చ ఇప్పటికీ ఆగలేదు. సమస్యను ఎంచుకుని ఏడేళ్లు నడిపింది రామన్, ఆ ఫిబ్రవరిలో బుడ్డీల ముందు రోజుల తరబడి కూర్చున్నది కృష్ణన్. తేదీల్ని చూస్తే ఇంతకంటే ఎక్కువ తేల్చడం కష్టం.

వాల్తేరు పాయ

అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లికి చెందిన సూరి భగవంతం 1928లో రామన్ దగ్గర చేరారు, 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. వాల్తేరులో ఆయన పట్టుకున్న కొస, ఏ కంపనం రామన్ గీతగా కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్న ప్రశ్న. దానికి జవాబు అణువు సౌష్ఠవంలో ఉంది. ఆ సౌష్ఠవాన్ని లెక్కగట్టే సమూహ సిద్ధాంతాన్ని ఆయన, టి. వెంకటరాయుడు కలిసి భౌతికశాస్త్ర సమస్యలకు అన్వయించారు.

ఉదాహరణకు కార్బన్ డయాక్సైడ్. రెండు ఆక్సిజన్లూ ఒకేసారి బయటికీ లోపలికీ కదిలే కంపనంలో విద్యుదావేశం ఒక పక్కకు ఒరగదు, కాబట్టి పరారుణ (ఇన్ఫ్రారెడ్) వర్ణపటంలో, అంటే అణువు ఏ పరారుణ కాంతిని పీల్చుకుంటుందో చూపే పటంలో, గీత రాదు. కానీ ఎలక్ట్రాన్ మేఘం సాగి ముడుచుకుంటుంది, కాబట్టి రామన్‌లో వస్తుంది. ఒక ఆక్సిజన్ దగ్గరికి, ఇంకోటి దూరానికి కదిలే కంపనంలో సరిగ్గా తలకిందులు. కేంద్ర సౌష్ఠవం ఉన్న అణువులన్నిటికీ ఈ నియమం వర్తిస్తుంది. రెండు పద్ధతులూ పోటీ కాదు, జోడీ అని చెప్పడానికి ఇదే ఆధారం. భగవంతం తర్వాత ఉస్మానియా ఉపకులపతిగా, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్‌గా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పని చేశారు.

లేజర్ వచ్చాక

పాదరసం దీపాలతో ఒక వర్ణపటం ఫొటో తీయడానికి గంటలు పట్టేది. అందుకే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రసాయన శాస్త్రవేత్తలు సులువైన పరారుణ పరికరాల వైపు మళ్లారు. 1960లో లేజర్ రావడంతో పరిస్థితి తిరగబడింది: ఒకే రంగు, సన్నని పుంజం, చాలినంత తీవ్రత. నేటి పరికరంలో రామన్ బుడ్డి పక్కన ఉన్నవే వేరే రూపంలో ఉన్నాయి. ఎండకు బదులు లేజర్, రెండో ఫిల్టర్‌కు బదులు లేజర్ రంగును మాత్రమే కోసేసే పదునైన ఫిల్టర్, కంటికి బదులు డిజిటల్ సెన్సార్.

హైదరాబాద్ చుట్టూ ఉన్నలాంటి మందుల పరిశ్రమల్లో ముడి సరుకు గుర్తింపుకు చేతిలో పట్టే రామన్ పరికరాలు వాడతారు. డ్రమ్ములోని పాలిథిన్ సంచి విప్పకుండానే బయటి నుంచి లేజర్ కొడితే, వచ్చిన గీతల్ని తనలో దాచుకున్న నమూనాలతో పోల్చి అదో కాదో చెబుతుంది. నీళ్లు చాలా బలహీనమైన రామన్ గీతలిస్తాయి కాబట్టి తడి నమూనాలతో ఇబ్బంది తక్కువ. కల్తీ మద్యం పరీక్షలోనూ ఇది పనికొస్తుంది. తరంగసంఖ్యల్లో ఇథనాల్ 880 దగ్గర, మిథనాల్ 1,035 దగ్గర బలమైన గీతలిస్తాయి, గాజు సీసా మూత తీయకుండానే చూడొచ్చు. అయితే లక్షలో పాళ్లు పట్టే పని దీనిది కాదు.

తప్పులు దొర్లే చోట్లు కూడా పాతవే. మొదటిది ప్రతిదీప్తి. వంటింటి పసుపు, రంగు పూత వేసిన మాత్రలు, మొక్కల సారాలు లేజర్ కింద వెలిగిపోతే చిన్న గీతలు ఆ వెలుగులో మునిగిపోతాయి. విరుగుడు ఎరుపు వైపు లేజర్ వాడటం, చాలా చేతి పరికరాల్లో 785 నానోమీటర్ల లేజర్ ఉండటానికి కారణం ఇదే. దానికీ మూల్యం ఉంది: పరిక్షేపణం తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా పడిపోతుంది కాబట్టి 532తో పోలిస్తే 785లో సంకేతం దాదాపు ఐదో వంతు. 1,064కి వెళ్తే పదహారో వంతు. రెండోది వేడి. నల్లటి పొడులు లేజర్‌ను పీల్చుకుని కాలిపోతాయి, అనుమానాస్పద పొడుల మీద పూర్తి శక్తితో కొట్టడం ప్రమాదం కూడా. మూడోది స్కేలు జరగడం. సిలికాన్ ముక్కను చూపిస్తే గీత తరంగసంఖ్యల్లో 520.5 దగ్గర రావాలి. రాకపోతే ఆ రోజు ఫలితాల్ని నమ్మకూడదు. లోహాలు సాధారణంగా గీతలే ఇవ్వవు. అంగారకుడి మీద తిరుగుతున్న పెర్సెవరెన్స్ రోవర్‌లో ఈ సూత్రం మీద నడిచే పరికరాలు రెండు ఉన్నాయి, ఒకటి ఆకుపచ్చ లేజర్‌తో, ఒకటి అతినీలలోహితంతో.

వజ్రాల దగ్గర

1933లో రామన్ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు మొదటి భారతీయ డైరెక్టర్‌గా వెళ్లారు. పాలనలో గొడవలు ముదిరి 1937లో ఆ పదవి వదిలి, 1948 దాకా ఆచార్యుడిగా కొనసాగి, తర్వాత తన పేరిటి పరిశోధనాలయానికి మారారు. ఈ కాలంలో ఆయనకు ఇష్టమైన పదార్థం వజ్రం. వజ్రాలు సేకరించి ఏళ్ల తరబడి పరీక్షించారు. స్ఫటికంలో కంపనాలు కొన్ని విడి విలువలకే పరిమితమని ఆయన వాదించారు. భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్ సిద్ధాంతం ప్రకారం అవి ఎడతెగని వరుస. తర్వాతి ప్రయోగాలు బోర్న్ వైపే నిలిచాయి, రామన్ మాత్రం ఒప్పుకోలేదు. 1970 నవంబర్ 21న కన్నుమూశారు.

వజ్రం ఇచ్చే రామన్ గీత 1,332 దగ్గర ఒక్కటే, సన్నగా, పదునుగా ఉంటుంది. వజ్రంలా మెరిసే కృత్రిమ రాయి క్యూబిక్ జిర్కోనియాలో అది ఉండదు కాబట్టి నగల ల్యాబుల్లో రాయి వజ్రమా కాదా అన్నది క్షణాల్లో తేలుతుంది. ల్యాబులో పెంచిన వజ్రంలో మాత్రం ఆ గీత అక్కడే, అలాగే వస్తుంది. అదీ కార్బన్ స్ఫటికమే కాబట్టి దాని సుంకం కూడా 1,332. గనిదా, ల్యాబుదా అని తేల్చాలంటే ఆ గీతను వదిలేసి, రామన్ బృందం ఏడేళ్లు తప్పించుకోవాలని చూసిన ప్రతిదీప్తి వైపే చూడాలి. స్ఫటికంలోని నైట్రోజన్, సిలికాన్ లోపాలు లేజర్ కింద ఏ రంగులో వెలుగుతాయన్నది అక్కడ పనికొచ్చే సాక్ష్యం.